మౌనం పూర్ణాంగీకారం

"మౌనం అర్ధాంగీకారం" అన్న మాట మన ఇళ్లలో ఎక్కువగా పెళ్లిచూపుల నాడు వినిపించేది. తల వంచుకు కూర్చున్న పిల్ల కాదనలేదు కాబట్టి ఔనన్నట్టేనని పెద్దలు సర్దుకునేవారు. అయినా ఆ మాట కట్టినవాళ్లు ఒక జాగ్రత్త పడ్డారు. అర్ధం అన్నారే గాని పూర్తి అనలేదు. మిగతా సగం ఆ పిల్ల నోట రావలసిందే. గత ముప్పయ్యేళ్లుగా కంప్యూటర్ల మీద, ఫోన్ల మీద పెరిగిన ఒక పెద్ద వ్యాపారం ఆ సగాన్ని కూడా తన ఖాతాలో వేసుకుంది. కొత్త బ్రౌజర్ తెరిచేసరికి, మనం చెయ్యి పెట్టకముందే, అందులో కొన్ని సెట్టింగులు అమర్చి ఉంటాయి. దాన్నే డిఫాల్ట్ అంటాం. దాన్ని మార్చకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. ఇంటర్నెట్‌లో మన గోప్యత ఎలా పోయిందని అడిగితే రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. సాంకేతికత స్వభావమే అంత అని ఒకటి, ఉచితానికి ఆశపడి జనమే ఒప్పుకున్నారని మరొకటి. వెబ్ కుకీ చరిత్ర ముందు ఈ రెండూ నిలబడవు. పోయినదంతా డిఫాల్ట్ దగ్గరే పోయింది. డిఫాల్ట్ తిప్పిన చోట ఫలితమూ తిరిగింది.

1994లో వెబ్ సర్వర్‌కు జ్ఞాపకం ఉండేది కాదు. అడిగిన పేజీ ఇచ్చేది, ఇచ్చిన మరుక్షణం అడిగిన మనిషిని మరిచిపోయేది. చదువుకోవడానికి అది చాలు, సరుకు అమ్మడానికి చాలదు. బుట్టలో వేసిన వస్తువు తర్వాతి పేజీకి వెళ్లేసరికి మాయమైతే బేరం ఎలా సాగుతుంది? ఎంసీఐ అనే అమెరికా టెలిఫోన్ కంపెనీ ఆన్‌లైన్ దుకాణం పెట్టాలనుకుని, సగంలో ఉన్న బేరాల లెక్క తన సర్వర్ల మీద కాకుండా కొనేవాళ్ల కంప్యూటర్లోనే ఉండేలా చూడమని బ్రౌజర్ తయారుచేసే నెట్‌స్కేప్ కంపెనీని కోరింది. అక్కడి ఇంజనీరు లూ మాంటుల్లి ఉపాయం కనిపెట్టాడు. ప్రోగ్రాముల మధ్య చేతులు మారే చిన్న గుర్తును యూనిక్స్ ప్రోగ్రామర్లు అప్పటికే మ్యాజిక్ కుకీ అనేవారు. ఆ పేరే దీనికీ వచ్చింది. గుడి ముందు చెప్పుల స్టాండులో ఇచ్చే టోకెన్ లాంటిదే ఇది. సైటు ఒక నంబరు ఇస్తుంది, బ్రౌజర్ దాచుకుంటుంది, మళ్లీ అదే సైటుకు వెళ్లినప్పుడు చూపిస్తుంది. స్టాండువాడికి మన పేరుతో పని లేదు. ఆ నంబరు జత ఏ అరలో ఉందో తెలిస్తే చాలు.

ఇంతకంటే సులువైన దారి మాంటుల్లి ముందు లేకపోలేదు. ప్రతి బ్రౌజర్‌కూ శాశ్వతంగా ఒక నంబరు ఇచ్చేసి, వెళ్లిన ప్రతి సైటుకూ దాన్ని చూపిస్తే సరిపోయేది. అలా చేస్తే ఒకే మనిషిని అన్ని సైట్లూ కలిసి వెంటాడగలవని గ్రహించే అతను దాన్ని వద్దనుకున్నాడు. అందుకే ఏ సైటు ఇచ్చిన టోకెన్‌ను ఆ సైటే చూడాలన్న నియమం వచ్చింది. నిఘాను అడ్డుకోవాలన్న ఆలోచన ఈ పరికరం పుట్టుకలోనే ఉందన్నమాట. సందు ఇంకోచోట మిగిలింది. ఒక వెబ్ పేజీ ఒకేచోటి నుంచి రాదు. వార్త ఒక సర్వర్ నుంచి, పక్కనున్న ప్రకటన బొమ్మ మరో సర్వర్ నుంచి వస్తాయి. బొమ్మ పంపిన సర్వర్ కూడా తన టోకెన్ తాను ఇచ్చుకోవచ్చు. ఊళ్లో గుళ్లన్నింటి ముందూ చెప్పుల స్టాండ్లను వేలంలో ఒక్కడే పాడుకున్నాడనుకోండి. అన్నిచోట్లా ఒకే టోకెన్ చెల్లేలా చేస్తే, ఎవరు ఏ రోజు ఏ గుడికి ఎన్ని గంటలకు వెళ్లారో పేరు అడక్కుండానే అతని పుస్తకంలోకి ఎక్కుతుంది. 1996లో మొదలైన డబుల్‌క్లిక్ కంపెనీ వేల సైట్ల మీద ప్రకటనలు పెట్టి చేసింది ఇదే. థర్డ్ పార్టీ కుకీ అనేది ఇలా చేతికొచ్చిన మూడోవాడి టోకెనే.

ఆ రోజుల్లో ఇదంతా దాచిపెట్టిన వ్యవహారమేమీ కాదు. నెట్‌స్కేప్ తన కుకీలన్నింటినీ ఒక మామూలు టెక్స్ట్ ఫైలులో రాసేది. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే పైన ఇది నెట్‌స్కేప్ కుకీ ఫైలని, యంత్రం రాసింది కాబట్టి దిద్దవద్దని ఒక హెచ్చరిక, దాని కింద వరసలు. ఒక్కో వరసలో ఏడు గళ్లు. మొదటి గడిలో టోకెన్ ఇచ్చిన సైటు పేరు, చివరి రెండింటిలో కుకీ పేరు, దాని విలువ, వాటి ముందు గడిలో గడువు. ఆ గడువును 1970 జనవరి 1 నుంచి సెకన్లలో లెక్కపెట్టి రాసేవారు కాబట్టి చూడగానే అర్థమయ్యేది కాదు. లెక్క కట్టి చూసినవాళ్లకు మాత్రం గతుక్కుమనే సంగతులు దొరికేవి. గూగుల్ ఇచ్చే కుకీ గడువు చాలా ఏళ్లు 2038 దాకా ఉండేది. విమర్శలు వచ్చాక 2007లో దాన్ని రెండేళ్లకు తగ్గిస్తామని ఆ కంపెనీ ప్రకటించింది, సైటుకు వెళ్లిన ప్రతిసారీ ఆ రెండేళ్లు మళ్లీ మొదలవుతాయన్నది వేరే మాట. కంప్యూటర్ల మీద మక్కువ ఉన్నవాళ్లు ఈ ఫైలుకు చిట్కా వైద్యం కనిపెట్టారు. దాన్ని ఖాళీ చేసి, రాయడానికి వీల్లేని రీడ్ ఓన్లీ ఫైలుగా మార్చేసేవారు. బ్రౌజర్ తెరిచి ఉన్నంతసేపూ టోకెన్లు పనిచేస్తాయి, మూయగానే పోతాయి. చక్కని వైద్యమే. కానీ ఆ ఫైలు ఏ ఫోల్డరులో ఉందో తెలిసినవాళ్లు ఎందరు? మార్చుకునే వీలు అందరికీ ఉన్నా మార్చుకోగలిగినవాళ్లు కొందరే. వ్యాపారమంతా నడిచింది ఈ తేడా మీదే.

1996 ఫిబ్రవరిలో ఫైనాన్షియల్ టైమ్స్ పత్రిక రాసేదాకా కుకీ సంగతి బయటి జనానికి తెలియదు. అప్పటికే ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఐఈటీఎఫ్‌లో ఇంజనీర్లు దీని మీద తర్జనభర్జన పడుతున్నారు. బెల్ ల్యాబ్స్‌కు చెందిన డేవిడ్ క్రిస్టల్, మాంటుల్లి కలిసి రాసిన ప్రమాణం ఆర్‌ఎఫ్‌సీ 2109 పేరుతో 1997 ఫిబ్రవరిలో వెలువడింది. ఈ చరిత్ర మొత్తంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచే వాక్యం అందులో ఉంది. మూడోవాడి కుకీలను బ్రౌజర్ ఒప్పుకోకూడదు, ఒప్పుకునే వీలు కల్పించదలిస్తే కల్పించవచ్చు గాని ఆ మీట డిఫాల్ట్‌గా ఆపి ఉండాలి అన్నది దాని సారాంశం. ఏది సాధ్యమో ఏది అసాధ్యమో అన్న చర్చలోకి దిగకుండా, మీట మొదట ఎటువైపు ఉండాలన్న అసలు ప్రశ్నను ఆ ఇంజనీర్లు సూటిగా పట్టుకున్నారు. ప్రకటనల కంపెనీలు గగ్గోలు పెట్టాయి. నెట్‌స్కేప్, మైక్రోసాఫ్ట్ రెండూ ఆ నియమాన్ని పక్కన పెట్టేశాయి. నెట్‌స్కేప్ 4లో మూడు ఎంపికలు కనిపించేవి. అన్ని కుకీలనూ ఒప్పుకోవడం, పేజీ ఇచ్చిన సైటువి మాత్రమే ఒప్పుకోవడం, దేన్నీ ఒప్పుకోకపోవడం. కొనుగోలు బుట్టా ఉండాలి, వెంటపడేవాడూ ఉండకూడదు అనుకునేవారికి రెండోది సరిగ్గా సరిపోతుంది. అంటే పరిష్కారం 1997 నాటికే ఇంటింటి కంప్యూటర్లోనూ ఉంది. ఎంపికను చూపే నల్లచుక్క మాత్రం మొదటిదాని ఎదుట పెట్టి ఉంది.

ఆ చుక్క రెండోదాని ఎదుట ఉంటే ఏమయ్యేదన్నది ఊహ అనిపించవచ్చు. అదే కాలంలో అలా జరిగిన సందర్భం ఒకటుంది. 1999 ఆరంభంలో ఇంటెల్ తన పెంటియం 3 చిప్ ప్రతిదానికీ ఒక సీరియల్ నంబరు పెట్టి, సాఫ్ట్‌వేర్ దాన్ని చదివేలా చేసింది. మాంటుల్లి వద్దనుకున్న శాశ్వత నంబరే ఈసారి చిప్‌లో ప్రత్యక్షమైంది. గోప్యత హక్కుల సంఘాలు ఇంటెల్ చిప్‌లను కొనవద్దని పిలుపునిచ్చాయి. కొద్దిరోజుల్లోనే ఇంటెల్ దిగివచ్చి ఆ నంబరును డిఫాల్ట్‌గా ఆపి ఉంచే ఏర్పాటు చేస్తామంది. కావాలన్నవాళ్లు దాన్ని తెరుచుకోవచ్చు. కావాలని తెరుచుకునేవాళ్లు లేక ఆ పథకం నీరుగారిపోయింది, తర్వాతి చిప్‌లలో ఆ నంబరే లేదు. అదే ఏడాది డబుల్‌క్లిక్ 170 కోట్ల డాలర్ల బేరంతో అబాకస్ డైరెక్ట్ అనే కంపెనీని కొంది. అబాకస్ దగ్గర ఉన్నది పోస్టులో సరుకు తెప్పించుకునేవాళ్ల పేర్లు, చిరునామాలు, కొనుగోళ్ల చిట్టా. పేరులేని టోకెన్‌కు పేరు తగిలించబోతున్నారని గొడవ లేచి, అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ విచారణ మొదలుపెట్టాక 2000 మార్చిలో కంపెనీ అధిపతి అది పొరపాటేనని ఒప్పుకుని ఆ పని ఆపించాడు. ఆగింది పేరు కలపడమే. టోకెన్ మాత్రం యథాప్రకారం అందరి కంప్యూటర్లలోకీ దిగుతూనే ఉంది, ఎందుకంటే దాని మీట తెరిచే ఉంది. 2007లో డబుల్‌క్లిక్‌ను 310 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు గూగుల్ ప్రకటించింది, ఆ మరుసటి ఏడాది కొనుగోలు పూర్తయింది.

జనం నిజంగా పట్టించుకుంటే సెట్టింగు మార్చుకునేవారు గదా, మార్చుకోలేదంటే వాళ్లకు అభ్యంతరం లేనట్టే గదా అన్నది దీనికి వచ్చే మొదటి ఆక్షేపణ. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ ఈ మాట అనే కంపెనీలు తమ డబ్బు దగ్గరికి వచ్చేసరికి దీన్ని నమ్మవు. ఐఫోన్‌లో సెర్చ్ ఇంజన్ మార్చుకోవడానికి కొన్ని తాకులు చాలు. అయినా ఇతరుల ఫోన్లలో, బ్రౌజర్లలో తానే డిఫాల్ట్‌గా ఉండేందుకు గూగుల్ 2021లో 2,630 కోట్ల డాలర్లు చెల్లించినట్టు అమెరికా కోర్టులో బయటపడింది. 2022లో ఒక్క ఆపిల్‌కే 2,000 కోట్ల డాలర్లు ముట్టాయి. ఆ ఒప్పందాలు చట్టవిరుద్ధ గుత్తాధిపత్యంలో భాగమని 2024 ఆగస్టులో జడ్జి అమిత్ మెహతా తీర్పు చెప్పారు. జనం తమకు నచ్చినట్టు సెట్టింగులు మార్చుకుంటారన్నదే నిజమైతే అంత సొమ్ము ఎవరైనా ఎందుకు పోస్తారు? డిఫాల్ట్ విలువ ఎంతో ఆ వ్యాపారమే మనకు లెక్క కట్టి చూపించింది. తిప్పి చూసిన ఉదాహరణా ఉంది. 2021 ఏప్రిల్‌లో ఆపిల్, ఒక యాప్ ఇతర కంపెనీల యాప్‌లలో, సైట్లలో మనల్ని వెంటాడాలంటే ముందు అడిగి తీరాలన్న నిబంధన తెచ్చింది. ఔననకపోతే కాదన్నట్టే. మౌనానికి అర్థం మారింది, అంతే. ఆ ఒక్క మార్పు వల్ల 2022లో తమకు సుమారు 1,000 కోట్ల డాలర్ల ఆదాయం పోతుందని ఫేస్‌బుక్ యాజమాన్యమే అంచనా చెప్పింది. ఆ డబ్బంతా నిజమైన అంగీకారం నుంచి వస్తున్నదైతే, అడిగినంత మాత్రాన పోయేది కాదు.

ప్రకటనల కంపెనీలే ఈ వాదనను ఒకసారి ఒప్పుకున్నాయంటే వింతగా ఉంటుంది. డూ నాట్ ట్రాక్ అనే చిన్న ఏర్పాటు 2011లో ఫైర్‌ఫాక్స్‌లోకి వచ్చింది. నన్ను వెంటాడవద్దు అన్న ఒక గుర్తును బ్రౌజర్ ప్రతి సైటుకూ పంపేది, మన్నించడం సైటు ఇష్టం. వెతికి పట్టుకుని ఆ మీట నొక్కేవాళ్లు కొద్దిమందే కాబట్టి పరిశ్రమ కూడా సరేనన్నట్టు తల ఊపింది. 2012లో మైక్రోసాఫ్ట్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 10లో దాన్ని డిఫాల్ట్‌గా తెరిచి ఉంచబోతున్నానని ప్రకటించగానే కథ అడ్డం తిరిగింది. మనిషి తనంతట తాను ఎంచుకోని దాన్ని అతని ఇష్టంగా ఎలా లెక్కిస్తాం, డిఫాల్ట్ అంగీకారం కాదు గదా అని ప్రకటనల సంఘాలు వాదించాయి. వాదన సరైనదే. ఆ తర్కంతోనే చూస్తే, 1994 నుంచి తెరిచి ఉంచిన మూడోవాడి కుకీ కూడా ఎవరి ఇష్టమూ కాదు. వద్దన్న మౌనం చెల్లదు, సరేనన్న మౌనం చెల్లుతుంది అనడం తీర్పు కాదు, పేరాశ. ఆ గుర్తును మన్నించినవాళ్లు దాదాపు లేకపోగా, ప్రమాణాన్ని తయారు చేస్తున్న బృందాన్ని 2019లో మూసేశారు.

రెండో ఆక్షేపణ ఉచితం గురించి. ఈ నిఘా డబ్బు లేకపోతే ఇన్ని సైట్లు ఉచితంగా ఎలా నడుస్తాయన్నది. ప్రకటనకూ నిఘాకూ ముడి విడదీయరానిదైతే ఈ మాటకు బలం ఉండేది. సెర్చ్ ప్రకటనల సంగతి చూడండి. 2000లో గూగుల్ మొదలుపెట్టిన యాడ్‌వర్డ్స్‌కు ఎవరి గతంతోనూ పని ఉండేది కాదు. ఎరువుల గురించి వెతికినవాడికి ఎరువుల ప్రకటన చూపిస్తే చాలు. ఆ కంపెనీని నిలబెట్టిన ఆదాయం అక్కడి నుంచే వచ్చింది. సినిమా పేజీలో సినిమా ప్రకటన, వ్యవసాయ పేజీలో ట్రాక్టరు ప్రకటన వేసిన పత్రికలు తరాల పాటు బతికాయి. వెంటాడే ప్రకటనకు కొంత ఎక్కువ ధర పలుకుతుందని ఒప్పుకోవచ్చు. ఆ ఎక్కువను ఎవరి దగ్గర నుంచి, వాళ్లను అడిగే తీసుకున్నారా అన్నదే ఇక్కడ ప్రశ్న.

మూడోది మాంటుల్లి లేవనెత్తినదే కాబట్టి దానికి ఎక్కువ గౌరవం ఇవ్వాలి. మూడోవాడి కుకీని నెట్‌స్కేప్‌లో ఎందుకు తెరిచి ఉంచారో అతను తర్వాత వివరించాడు. కుకీని మూసేస్తే ప్రకటనలవాళ్లు కంటికి కనిపించని ఇంకో దారి వెతుక్కుంటారు, కుకీనైతే కనీసం చూడగలం, చెరిపేయగలం అని. ఈ జోస్యం చాలావరకు ఫలించింది. ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ 2010లో నాలుగు లక్షల డెబ్బై వేల బ్రౌజర్లను పరిశీలిస్తే, ఫాంట్లు, స్క్రీన్ కొలతలు, ప్లగిన్‌ల కలయికను బట్టే వాటిలో 83.6 శాతం వేటికవే గుర్తుపట్టేలా ఉన్నాయి. ఏ కుకీ అవసరమూ లేదు. అయినా ఈ నిజం నుంచి మాంటుల్లి తీసిన ముగింపుకు చేరలేం. వెనక తలుపు ఉందని వీధి తలుపు బార్లా తెరిచి ఉంచే ఇల్లు ఎక్కడుంటుంది? పైగా మూసిన తలుపును తోసుకు వచ్చినవాడు దొరికితే దొంగ అవుతాడు. సఫారీ బ్రౌజర్ 2003లో వచ్చిన నాటి నుంచీ మూడోవాడి కుకీలను డిఫాల్ట్‌గా మూసే ఉంచింది. గూగుల్ ఒక ఉపాయంతో దాన్ని దాటి కుకీలు పెట్టినట్టు 2012లో బయటపడింది. సఫారీ వాడేవాళ్లు తమ డిఫాల్ట్‌ను నమ్ముకుంటే చాలని అంతకుముందు చెప్పిన కంపెనీ అలా చేసినందుకు ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2.25 కోట్ల డాలర్లు కట్టించింది. తెరిచి ఉన్న బ్రౌజర్లలో అదే పని చేస్తే అడిగే నాథుడు లేడు. డిఫాల్ట్ అడ్డుగోడగా ఓడినా, గీత గీసి చూపించే సాక్షిగా గెలిచింది.

వీటన్నిటిలో గట్టిది నాలుగోది. డిఫాల్ట్‌కు ఇంత శక్తి ఉంటే, దాన్ని పెట్టే చేతికి ఎంత శక్తి ఉన్నట్టు? ఆపిల్ సొంత లాభం చూసుకోకుండా మీట తిప్పిందని ఎవరూ నమ్మనక్కర్లేదు. ఫైర్‌ఫాక్స్ వెంటాడే మూడోవాడి కుకీలను డిఫాల్ట్‌గా మూయాలని 2013లో తలపెట్టి, వెనకడుగు వేసి, 2019లో గాని అమలు చేయలేదు. ప్రకటనల మీద బతికే గూగుల్ తన క్రోమ్‌లో రెండేళ్లలో మూడోవాడి కుకీలకు చెల్లుచీటీ ఇస్తానని 2020 జనవరిలో ప్రకటించి, గడువును 2023కు, 2024కు, 2025కు జరుపుతూ వచ్చి, చివరికి 2025 ఏప్రిల్‌లో ఉన్నది ఉన్నట్టే ఉంటుందని తేల్చేసింది. కాబట్టి ఈ ఆక్షేపణ నిజమే, కాకపోతే అది నా వాదనను బలపరుస్తుంది. ఇంత బరువైన మీట ఎటు ఉండాలో కంపెనీ దయకు వదలకూడదు, నలుగురూ చూస్తుండగా చట్టం తేల్చాలి. యూరప్ ఆ పని సగం చేసింది. 2009లో సవరించిన ఆదేశంతో సైటు తెరిస్తే చాలు అంగీకారం అడిగే పట్టీలు పుట్టుకొచ్చాయి. చదివే ఓపిక లేక జనం కనిపించిన మీట నొక్కేయడం నేర్చుకున్నారు. ముందే పెట్టిన టిక్కు అంగీకారం కాదని యూరప్ అత్యున్నత న్యాయస్థానం 2019 అక్టోబరులో తేల్చాక, సరేకు ఒక నొక్కు, వద్దుకు చాలా నొక్కులు పెట్టారు. దానికి ఫ్రాన్స్ నియంత్రణ సంస్థ 2022 జనవరిలో గూగుల్‌కు 15 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్‌కు 6 కోట్ల యూరోలు జరిమానా ప్రకటించింది.

మన దేశానికి ఈ టిక్కు వాట్సాప్‌తో ఇంటింటికీ వచ్చింది. 2016 ఆగస్టులో ఖాతా సమాచారాన్ని ఫేస్‌బుక్‌తో పంచుకుంటామని అడిగిన పెట్టెలో టిక్కు ముందే పెట్టి ఉంది. పాత ఖాతాదారులు తీసేయాలంటే ముప్పై రోజుల గడువు. ఆ మరుసటి ఏడాది ఆగస్టు 24న, జస్టిస్ పుట్టస్వామి వేసిన కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. దాని తర్వాత ఆరేళ్లకు, 2023లో, డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. దాని ఆరో సెక్షన్ ప్రకారం అంగీకారం స్పష్టమైన చర్య ద్వారానే తెలపాలి, మౌనం చాలదు. అడిగే నోటీసు ఇంగ్లీషులో గాని, ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలో గాని చదువుకునే వీలుండాలి కాబట్టి తెలుగులోనూ దొరకాలి. ఏడో సెక్షన్ దగ్గర మాత్రం పాత సామెత మెల్లగా లోపలికి వచ్చింది. ఒక పని కోసం మనిషి తనంతట తాను సమాచారం ఇచ్చి, వద్దని చెప్పకపోతే ఆ పనికి వాడుకోవచ్చని అందులో ఉంది. మందుల షాపులో రసీదు కోసం ఫోన్ నంబరు ఇవ్వడాన్ని చట్టమే ఉదాహరణగా చూపింది. రసీదు పంపడం వరకైతే ఎవరికీ పేచీ లేదు. ఆ "పని" అన్న మాటను రసీదు దగ్గర ఆపుతారా, సాగదీస్తారా అన్నదాని మీదే అంతా ఆధారపడి ఉంది. నోటీసు తెలుగులో రావడం మంచిదే, కానీ అది వచ్చేసరికి చుక్క ఎటు పెట్టి ఉందో చూడాలని ముప్పయ్యేళ్ల చరిత్ర చెబుతోంది. ఈ చట్టంలో ఒక విశేషం ఉంది. సమాచారం ఎవరిదైనా సరే, ఆ మనిషిని అది ఆమె అనే పిలుస్తుంది. పెళ్లిచూపుల్లో తల వంచుకు కూర్చున్న ఆమె దగ్గరికే కథ మళ్లీ వచ్చింది. ఈసారైనా మిగతా సగం ఆమెనే అడగాలి.